కాంపౌండ్ విల్లుకి ఏ యారో రెస్ట్ తీసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

హంటింగ్ బో (వేట కోసం చేసే విల్లు) కొన్నాం. విజయవాడలో దానితో ఏం చేయొచ్చు?

టార్గెట్ మీద వేయొచ్చు, అంతే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుల వేట నేరం. పొలాన్ని పాడుచేసే పంది విషయంలో కూడా అనుమతి ఇవ్వాల్సింది అధికారులే, మన ఇష్టం కాదు. కాబట్టి ఇక్కడ హంటింగ్ బో అంటే విల్లు ఆకారాన్ని చెప్పే మాట మాత్రమే: ఇరుసు నుంచి ఇరుసుకి 28 నుంచి 33 అంగుళాలుండే పొట్టి కాంపౌండ్ విల్లు (రెండు చివర్లా కామ్‌లు అనే కప్పీలు, వాటి మధ్య కేబుళ్లు ఉండే విల్లు; ఇరుసులు ఆ కప్పీలవి). టార్గెట్ కోసం చేసినవి 36 నుంచి 40 అంగుళాల దాకా ఉంటాయి. పొట్టి విల్లు చేతిలో కాస్త తిరిగినా బాణం పక్కకి పోతుంది. అందుకే రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే భాగం) ఎంపికలో దీనికి ఇంకొంచెం జాగ్రత్త కావాలి.

బ్రాడ్‌హెడ్ ములుకులు (వేటకి వాడే పదునైన వెడల్పు ములుకులు) కొనకండి. వాటిని పోటీల్లో ఒప్పుకోరు, పైగా టార్గెట్ బట్ (బాణాలు దిగే దిమ్మ) చీలిపోతుంది.

హంటింగ్ బోతో పోటీకి దిగొచ్చా?

దిగొచ్చు. వరల్డ్ ఆర్చరీ (విలువిద్య అంతర్జాతీయ సమాఖ్య) నియమం ప్రకారం కాంపౌండ్ డ్రా వెయిట్ (నారి లాగడానికి పట్టే బలం) 60 పౌండ్లు దాటకూడదు. హంటింగ్ మోడళ్లు చాలావరకు 70 పౌండ్లవి. లింబ్ బోల్టులు (విల్లు పైనా కిందా వంగే లింబ్‌లని బిగించేవి) వదులు చేసి దింపుకోవాలి. పైనా కిందా సమానంగా తిప్పాలి, కంపెనీ చెప్పిన చుట్ల కంటే ఎక్కువ వదలకూడదు. 60-70 అని రాసి ఉన్న విల్లు అడుగుకి దింపినా 60 దగ్గరే ఆగుతుంది. కాబట్టి అంచనాకి వదిలేయకుండా స్కేలు మీద తూచి చూడండి. ఇంకో మాట, లింబ్ బోల్టు తిప్పితే డ్రాప్-అవే రెస్ట్ (ఈ రకం గురించి కింద చెప్పాం) తాడు బిగువు కూడా మారిపోతుంది. దాన్ని మళ్లీ సరిచేయాలి.

కాంపౌండ్ పోటీ 50 మీటర్లలో, 80 సెంటీమీటర్ల ఫేస్ (వలయాలుండే టార్గెట్ కాగితం) మీద జరుగుతుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు. మన ఊరి అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది ఈ విభాగంలోనే. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్‌కి చోటు దక్కాక కాంపౌండ్ నేర్పమని అడిగే పిల్లలు ఎక్కువయ్యారు, రెస్ట్ గురించి ప్రశ్నలు కూడా.

రెస్ట్ చేసే పని ఏమిటి? బాణాన్ని మోయడమేగా?

సగం పని అదే. వదిలేదాకా బాణాన్ని ఒకే చోట నిలపాలి. వదిలాక వేన్లకి (బాణం వెనక ఉండే రెక్కలకి) అడ్డు రాకూడదు. నారి బాణాన్ని తోసేది దాదాపు 20 అంగుళాల దూరం, సెకనులో వందో వంతుకి అటూ ఇటూ. ఆ తర్వాత వేన్లు రెస్ట్ పక్క నుంచి దాటుతాయి. మొదటి పని బాగా చేసే రెస్టు రెండోదాంట్లో తడబడుతుంది, రెండోది బాగా చేసేది మొదటిదాంట్లో. కొనేటప్పుడు తేల్చుకోవాల్సింది మీకు ఏ తప్పు ఎక్కువ నష్టమన్నదే.

రెస్ట్ వల్ల కానిది కూడా ఒకటుంది. షాఫ్ట్ (బాణం కడ్డీ) స్పైన్ విల్లుకి నప్పకపోతే, అంటే షాఫ్ట్ మరీ మెత్తగానో మరీ గట్టిగానో ఉంటే, ఎంత ఖరీదైన రెస్టు పెట్టినా గ్రూపు (బాణాలు ఒకచోట పడే గుంపు) బిగవదు. ముందు బాణాలు సరిచూసుకుని, తర్వాత రెస్ట్‌కి డబ్బు పెట్టండి.

ఏయే రకాలున్నాయి? నాకు ఏది?

కాంపౌండ్‌కి ప్రధానంగా మూడు.

బిస్కెట్ రకం: గుండ్రటి చట్రంలో బ్రష్ వెంట్రుకలు, మధ్యలో బాణం దూరే రంధ్రం. బాణం ఎటూ పడదు. కదిలే భాగాలు లేవు, కట్టాల్సిన తాడు లేదు. నేర్చుకునే పిల్లలకి, ఇంట్లో సరిచేసుకునే మనిషి లేనివాళ్లకి ఇదే తిన్నగా పనిచేస్తుంది. లోటు ఏమిటంటే వేన్లు ప్రతిసారీ వెంట్రుకలని రాసుకుంటూ పోతాయి. వేగం కొద్దిగా తగ్గుతుంది, వేన్ల అంచులు ముడతలు పడతాయి. రెండు అంగుళాల గట్టి ప్లాస్టిక్ వేన్లయితే తట్టుకుంటాయి, పక్షి ఈకలైతే త్వరగా చెడతాయి. రంధ్రం మీ షాఫ్ట్ మందానికి సరిపోయేదే కొనాలి. సన్న షాఫ్ట్‌ని పెద్ద రంధ్రంలో పెడితే లోపల ఊగుతుంది. అడుగు వెంట్రుకలు అరిగి వంగితే బాణం కిందికి దిగుతుంది, టార్గెట్ మీద కూడా కిందికే తగులుతుంది. చాలామంది దాన్ని సైట్ (గురి చూసే పరికరం) తప్పనుకుని పిన్ను తిప్పుతూ ఉంటారు.

డ్రాప్-అవే రకం: నారి లాగేటప్పుడు రెస్ట్ పైకి లేస్తుంది, వదలగానే కిందికి పడిపోతుంది. వేన్లకి దారి ఖాళీ. హంటింగ్ బోకి ఇదే ఎక్కువగా వాడతారు, పొట్టి విల్లుతో 50 మీటర్ల టార్గెట్ వేసేవాళ్లకి మేం ముందుగా చెప్పేదీ ఇదే. ఒక షరతు: తాడు కట్టడం, సమయం సరిచూడడం తెలిసిన మనిషి దగ్గర్లో ఉండాలి. తాడు సరిగ్గా లేని డ్రాప్-అవే కంటే బిస్కెట్టే నయం.

బ్లేడు రకం: స్ప్రింగ్ స్టీలు రేకు, చివర చీలిన నాలుకలా ఉంటుంది. కదిలే యంత్రం లేదు కనుక సమయం తప్పే గొడవ లేదు. ప్రపంచ స్థాయి టార్గెట్ కాంపౌండ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. కానీ విల్లు కాస్త వాల్చినా, చేయి వణికినా బాణం జారి పడుతుంది. ఫారం కుదరని ఆర్చర్‌కి తొలి ఏడాదే బ్లేడు ఇస్తే దృష్టంతా బాణం పడకుండా చూసుకోవడం మీదే ఉంటుంది, నారి వదిలే పని నేర్చుకోడు.

లింబ్‌కి కట్టేదా, కేబుల్‌కి కట్టేదా?

కేబుల్ రకంలో తాడు, నారి లాగినప్పుడు కిందికి దిగే కేబుల్‌కి కడతారు. కేబుల్ దిగుతూ తాడుని లాగి రెస్ట్‌ని లేపుతుంది. లింబ్ రకంలో స్ప్రింగ్ రెస్ట్‌ని లేపాలని చూస్తుంటే, లింబ్‌కి కట్టిన తాడు దాన్ని కిందికి పట్టి ఉంచుతుంది. లాగినప్పుడు లింబ్ వంగి తాడు వదులవుతుంది, రెస్ట్ లేస్తుంది. వదలగానే లింబ్ తిరిగి వచ్చి తాడుని బిగించి రెస్ట్‌ని కిందికి గుంజేస్తుంది. తాడు పైలింబ్‌కైనా కింది లింబ్‌కైనా కట్టొచ్చు, రెస్ట్ డిజైన్ ఎలా ఉందో చూసుకోండి.

మా ఓటు లింబ్ రకానికి. బాణం ఎక్కువ దూరం రెస్ట్ మీదే ఉంటుంది, కేబుల్ మీద అదనపు లాగుడు ఉండదు, సమయం సరిచేయడం కూడా తేలిక. తాడు తెగితే ఏమవుతుందన్నది ఇంకో కారణం. లింబ్ రకంలో రెస్ట్ పైనే నిలబడి ఉంటుంది, వేన్లు తగిలినా బాణం మాత్రం వెళ్తుంది. కేబుల్ రకంలో రెస్ట్ అసలు లేవదు. పోటీ మధ్యలో అలా అయితే ఆ రౌండు పోయినట్టే.

కేబుల్ రకాల్లో ఒక సుగుణముంది. కొన్ని మోడళ్లలో నెమ్మదిగా నారి దించినా రెస్ట్ పడిపోదు, బాణం వదిలితేనే పడుతుంది. గురి కుదరక దించుకునే అలవాటున్నవాళ్లకి అది ఉపయోగం.

కేబుల్ రకం తాడు ఎలా కట్టాలి?

విల్లుని చేత్తో లాగి పట్టుకుని ఎవరో కడుతూ ఉండడం వద్దు, ప్రమాదం. డ్రా బోర్డు (విల్లుని లాగి నిలిపే చట్రం) మీద పెట్టి పూర్తిగా లాగండి. రెస్ట్‌ని చేత్తో పూర్తిగా పైకి లేపి, తాడు సన్నగా బిగిసే చోట కేబుల్ మీద వెండి రంగు మార్కరుతో గీత పెట్టండి. విల్లు దించి, బో ప్రెస్‌లో (లింబ్‌లని వంచి పట్టే యంత్రంలో) కేబుల్ వదులు చేసి, పోగులు రెండుగా విడదీసి తాడు మధ్యలోంచి దూర్చండి. పైనా కిందా సర్వింగ్ దారంతో (నారికి చుట్టే గట్టి దారంతో) చుట్టి ముడివేయండి. స్క్రూ క్లిప్పు ఇచ్చి ఉంటే తాత్కాలికానికి వాడుకోవచ్చు, ఎండలో అది జారుతుంది.

ఇక పరీక్ష. నారి లాగుడులో చివరి ఒకటి రెండు అంగుళాల్లో రెస్ట్ పూర్తిగా లేవాలి. పూర్తిగా లాగి ఉన్నప్పుడు వేలితో రెస్ట్ మీద నొక్కితే దిగకూడదు. తాడు కట్టిన చోట కేబుల్ వంకర తిరగకూడదు. వంకర తిరిగిందంటే తాడు పొట్టిది, రెస్ట్ త్వరగా లేచి మిగతా లాగుడంతా తాడు మీదే పడుతోంది. ఉన్నట్టుండి పీప్ (గురి చూడ్డానికి నారిలో పెట్టే రంధ్రం) తిరగడం, గ్రూపు పక్కకి జరగడం దానివల్లే. తాడు పొడుగైతే రెస్ట్ ఆలస్యంగా లేస్తుంది, లేదా సగంలో ఆగుతుంది. సరిపోయాక తాడు చివర లైటరుతో కాల్చి చిన్న గుండులా చేయండి. మంట నారికి, కేబుల్‌కి తగలకుండా మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టండి. 20, 30 బాణాలు వేశాక గీత చోటు మారిందేమో చూడండి. కొత్త తాడు మొదట్లో కాస్త సాగుతుంది.

బ్లేడు ఎంత మందం తీసుకోవాలి?

సాధారణంగా దొరికేవి 0.008, 0.010, 0.012 అంగుళాలు. సన్నపు, తేలిక బాణానికి 0.008. మామూలుగా 0.010. బరువైన లావు బాణానికి 0.012. బాణం పెట్టినప్పుడు బ్లేడు కాస్త మాత్రమే వంగాలి. బాగా కుంగితే మెత్తనిది, ఏమీ కదలకపోతే గట్టిది. గట్టి బ్లేడు బాణాన్ని పైకి ఎగరేస్తుంది. బ్లేడు వాలు 30 నుంచి 35 డిగ్రీల మధ్య మొదలుపెట్టండి.

వెడల్పు కూడా చూడాలి. సన్న షాఫ్ట్‌కి కింది రెండు వేన్ల మధ్య చోటు తక్కువ కాబట్టి ఇరుకు బ్లేడు. ఇన్‌డోర్‌లో వాడే 23 సిరీస్ లావు షాఫ్ట్‌కి వెడల్పు బ్లేడు. షాఫ్ట్ వ్యాసం 9.3 మిల్లీమీటర్లు దాటితే వరల్డ్ ఆర్చరీ పోటీల్లో ఒప్పుకోరు.

చీలిక అడుగున, బ్లేడు మెడ దగ్గర వెంట్రుకంత పగులు వస్తుంది. గోరుతో గీస్తే తెలుస్తుంది. కనిపించిన రోజే మార్చేయండి. సంచిలో ఎప్పుడూ అదే మందం బ్లేడు ఇంకొకటి ఉండాలి.

బోల్టు పోయింది. ఆటోనగర్‌లో దొరికే బోల్టు వేయొచ్చా?

ఇక్కడే విల్లులు పాడయ్యేది. రైజర్‌లో (విల్లు మధ్యనుండే గట్టి భాగంలో) రెస్ట్ రంధ్రం మర 5/16 అంగుళం, అంగుళానికి 24 చుట్లు. అంటే 7.94 మిల్లీమీటర్ల వ్యాసం, మర దూరం 1.06 మిల్లీమీటర్లు. హార్డ్‌వేర్ కొట్టులో దానికి దగ్గరగా కనిపించేది ఎం8 బోల్టు. మామూలు ఎం8 మర దూరం 1.25, అది ఒక చుట్టులోనే మొరాయిస్తుంది కనుక అంత భయం లేదు. ఎం8 సన్న మర బోల్టు, అంటే 1 మిల్లీమీటరు దూరంది, మహా మోసకారి. రెండు మూడు చుట్లు సాఫీగా వెళ్తుంది, తర్వాత పట్టేస్తుంది. కీ వేసి తోస్తే స్టీలు బోల్టు గెలుస్తుంది, అల్యూమినియం రైజర్ మర పోతుంది. "5/16 యూఎన్‌ఎఫ్" అని అడగండి. యూఎన్‌ఎఫ్ బోల్టులు ఉంచే కొట్లలో ఉంటుంది. పొడవు పాతదానితో కొలుచుకుని తీసుకోండి. ముందు చేత్తోనే తిప్పండి, చేత్తో పూర్తిగా వెళ్తేనే అది మీ బోల్టు.

అలెన్ కీల్లోనూ ఇదే చిక్కు. అమెరికా రెస్టులకి అంగుళాల కీలు కావాలి. 5/64 చోట 2 మిల్లీమీటర్లది, 5/32 చోట 4 మిల్లీమీటర్లది దాదాపు సరిపోతాయి. 1/8 స్క్రూలో 3 మిల్లీమీటర్ల కీ పెడితే వదులుగా తిరిగి స్క్రూ తల గుండ్రమైపోతుంది. 3/32లో 2.5, 3/16లో 5 మిల్లీమీటర్లవి దూరనే దూరవు. అంగుళాల సెట్ ఒకటి కొనేస్తే ఈ తలనొప్పి ఉండదు.

కొత్త విల్లులు కొన్నింటికి రైజర్ వెనక గాడి ఉంటుంది, రెస్ట్ బోల్టు లేకుండా దాంట్లోకి జారి బిగుస్తుంది. మీ విల్లు అలాంటిదైతే రెస్ట్ కూడా ఆ గాడికి సరిపోయేదే కావాలి.

రెస్ట్ పెట్టాక మొదట ఎక్కడ నిలపాలి?

పైకి కిందికి: బాణం నాక్ చేసి (వెనక కొసనుండే నాక్ అనే గాడిని నారికి తగిలించి) పెడితే షాఫ్ట్ మధ్యభాగం బోల్టు రంధ్రం మధ్యకి ఎదురుగా ఉండాలి. నారి మీద నాక్ చోటు లెవెల్‌గా, లేదా 3 మిల్లీమీటర్ల దాకా పైన. బో స్క్వేర్ (నారికి తగిలించి కొలిచే మూలమట్టం) లేకుండా కంటితో చూసి పెడితే తర్వాత పేపర్ పరీక్షలో (కింద చెప్పాం) రోజంతా పోతుంది.

పక్కకి: రైజర్ లోపలి గోడ నుంచి షాఫ్ట్ మధ్యకి 13/16 అంగుళం, అంటే దాదాపు 20.5 మిల్లీమీటర్లు. ఇది మొదలు మాత్రమే. రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ తేలడం మామూలే. అంతకంటే ఎక్కువ జరపాల్సి వస్తే రెస్ట్ తప్పు కాదు, కామ్ వాలో స్పైనో చూడండి.

ముందుకి వెనక్కి: బాణం ఆనే చోటు గ్రిప్ గొంతుకి (పట్టులో చెయ్యి ఆనే లోతైన చోటుకి) దగ్గరగా. వెనక్కి జరిపే కొద్దీ చేతి మెలికకి బాణం ఎక్కువగా స్పందిస్తుంది. పోటీల్లో గొంతు నుంచి 6 సెంటీమీటర్ల కంటే లోపలికి ఉండకూడదు.

ప్రాణాల మీదికి తెచ్చే కొలత ఒకటుంది. పూర్తిగా లాగినప్పుడు షాఫ్ట్ కొన రెస్ట్ దాటి కనీసం ఒక అంగుళం ముందుకి ఉండాలి. ఎదిగే పిల్లలకి రెండు అంగుళాలు ఉంచండి, డ్రా లెంగ్త్ (నారి లాగే పొడవు) నెలల్లో మారుతుంది. పొట్టి బాణం రెస్ట్ వెనక్కి జారిందంటే వదిలినప్పుడు చేతిలోకే దిగుతుంది.

వేన్లు రెస్ట్‌కి తగులుతున్నాయని ఎలా తెలుస్తుంది?

రెస్ట్ అంచులకి లిప్‌స్టిక్ పలచగా రాసి రెండు బాణాలు వేయండి. వేన్ మీదో షాఫ్ట్ వెనక భాగం మీదో ఎరుపు అంటితే తగిలినట్టే. బ్లేడుకైతే వేరే రంగులో ఉన్న వేన్ నిటారుగా పైకి పెట్టండి, కింది రెండూ బ్లేడుకి చెరో పక్క నుంచి పోతాయి. ఇంకా అంటుతుంటే నాక్‌ని కొద్దికొద్దిగా తిప్పి చూడండి. బిస్కెట్‌లో అడుగు గట్టి వెంట్రుకల్లోకి ఏ వేనూ నేరుగా దిగకుండా చూడాలి. డ్రాప్-అవేలో కూడా రంగు అంటుతోందంటే రెస్ట్ ఆలస్యంగా పడుతోంది, లేదా పడి మళ్లీ పైకి ఎగురుతోంది. ఎగిరేదైతే ఆపే రబ్బరు అరిగి ఉంటుంది.

పేపర్ చిరుగు ఎలా చదవాలి?

రెండు మీటర్ల దూరం నుంచి కాగితం మీద వేయండి. ముందు వేన్ల తగులుడు లేదని తేల్చుకోండి, లేకపోతే చిరుగు అబద్ధం చెబుతుంది. నాక్ పైకి చీలితే (ములుకు రంధ్రం కంటే నాక్ చీల్చిన చోటు పైన ఉంటే) రెస్ట్ కొంచెం పైకి, లేదా నాక్ చోటు కిందికి. నాక్ కిందికి చీలితే దానికి తిరగేసి. కుడిచేతివాటం వాళ్లకి, రిలీజ్ ఎయిడ్ (నారిని పట్టి వదిలే చేతి పరికరం) వాడుతున్నప్పుడు, నాక్ కుడికి చీలితే రెస్ట్‌ని ఎడమకి. ఎడమకి చీలితే ముందు స్పైన్, చేతి మెలిక చూసి, తర్వాత రెస్ట్‌ని కుడికి.

అర మిల్లీమీటరుకి మించి ఒకేసారి జరపొద్దు. ప్రతి మార్పు తర్వాత మూడు బాణాలు. చిరుగు తగ్గితే అటే, పెరిగితే వెనక్కి. పైకి కిందికి సరయ్యేదాకా పక్క మాట ఎత్తకండి.

బాణం లాగేటప్పుడు పడిపోతోంది. రెస్ట్ మార్చాలా?

ముందు నాక్ చూడండి. నారికి తగిలించి విల్లుని అడ్డంగా, నారి నేలకి సమాంతరంగా పట్టుకుని, బాణం కిందికి వేలాడేలా ఉంచి, నారిని వేలితో తట్టితే బాణం ఊడిరావాలి. రాకపోతే నాక్ బిగుతు. లాగేటప్పుడు నారి మలుపు బాణాన్ని పక్కకి తోసేస్తోంది. డీ-లూప్ (రిలీజ్ ఎయిడ్ తగిలించడానికి నారికి కట్టే చిన్న ఉచ్చు) నాక్‌ని పైనుంచీ కిందనుంచీ నొక్కేస్తుంటే కూడా ఇదే జరుగుతుంది. ఈ రెండూ బాగుండి ఇంకా పడుతుంటే అప్పుడు బ్లేడు వెడల్పు, ఆ తర్వాత రెస్ట్ రకం.

మన ఎండా వానా రెస్ట్‌ని ఏం చేస్తాయి?

మే నెలలో కారులో విల్లు వదిలితే నారి, కేబుల్ సాగుతాయి, డ్రాప్-అవే సమయం తప్పుతుంది. రెస్ట్ మీద అతికించిన ఫెల్ట్ (మెత్తటి గుడ్డ) జిగురు జారుతుంది. ఫెల్ట్ మారిస్తే బాణం ఎత్తు మారుతుంది, పేపర్ మళ్లీ చూడాలి. కొత్త ఫెల్ట్ అతికించేముందు ఆ చోటు స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. జూన్ నుంచి చెమట, తేమతో బ్లేడు, స్ప్రింగు తుప్పు పడతాయి. వాడిన రోజు పొడిగుడ్డతో తుడిచి వేలికి అంటీ అంటనంత నూనె రాయండి. తాడు మీద మాత్రం నూనె పడకూడదు.

రికర్వ్‌కి (కప్పీలు లేని, కొసలు ముందుకి వంగే విల్లుకి) ఇవేవీ పనికిరావా?

రావు. రికర్వ్‌లో వేళ్లతో వదులుతారు కాబట్టి బాణం పక్కకి వంగి తిరుగుతుంది, దానికి ప్లంజర్ బటన్ (పక్క నుంచి బాణాన్ని ఆనించే స్ప్రింగు గుండీ) కావాలి. నేర్చుకునేవాళ్లకి అతికించే ప్లాస్టిక్ రెస్ట్ చాలు. ప్లంజర్ వచ్చాక సన్నటి తీగ చేయి ఉండే మాగ్నెటిక్ ఫ్లిప్పర్. రికర్వ్‌లో ఆనే చోటు గ్రిప్ గొంతు నుంచి లోపలికి 4 సెంటీమీటర్లే.

సెకండ్ హ్యాండ్ డ్రాప్-అవే కొనొచ్చా?

కొనొచ్చు. కుడిచేతిదో ఎడమచేతిదో ముందు అడగండి. విల్లు ఏ చేత్తో పట్టుకుంటారన్నది కాదు, నారి లాగే చెయ్యి ఏదన్నదే లెక్క. రెస్ట్‌ని వేలితో లేపి వదలండి, ప్రతిసారీ ఒకే ఎత్తుకి రావాలి. పక్కకి ఊపి చూస్తే ఇరుసు దగ్గర లూజు ఉండకూడదు. తల గుండ్రమైన స్క్రూ ఒక్కటి కనిపించినా బేరం సగానికి దించండి. తాడు ఎలా ఉన్నా పర్లేదు, కొత్తది వేయాల్సిందే.